పరబ్రహ్మం గారి నాలుగు గాజులు

పరబ్రహ్మం గారి చేతికి ఏ వస్తువు ఇచ్చినా అది మళ్ళీ అదే వస్తువుగా తిరిగి రాదు. గొడుగు ఇస్తే సీతాకోకచిలుకలు పట్టే వలగా వస్తుంది. టేపురికార్డరు ఇస్తే దాని మోటారు చేపలతొట్టిలో గాలి ఊదుతూ కనిపిస్తుంది. విప్పడం ఆయన జబ్బు. విప్పినవాటితో ఇంకోటి చేయడం ఆ జబ్బుకు ఆయనే రాసుకున్న మందు.

ఇదంతా మెచ్చుకోలుగా చెబుతున్నాననుకునేరు. కానే కాదు. ఆయనంటే నాకు చచ్చేంత అసూయ. మా పాతబస్తీ ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఆయన జంతుశాస్త్రం చెప్పేవారు, నేను వృక్షశాస్త్రం. ఆయన క్లాసంటే పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చేవారు. నా క్లాసంటే ఆవులించుకుంటూ వచ్చేవారు. అవే పిల్లలు, అదే గది, అదే గోడగడియారం. ఆ గడియారం కూడా నా పీరియడ్‌లోనే కాళ్ళీడ్చేది.

ఆయన భుజాన ఒక గుడ్డసంచి ఎప్పుడూ వేలాడేది. అందులో పుస్తకాలుండేవి కావు, లక్క గాజులుండేవి. ఎర్రవి, పచ్చవి, అద్దాలు పొదిగినవి. ఏ వస్తువు మీదైనా ఆయనకు అనుమానం వచ్చిందా, సుతిలి తాడుతో దానికో గాజు కట్టేవారు. కొన్నాళ్ళు చూసి ఇంకోటి. నాలుగో గాజు పడిందంటే ఆ వస్తువుకు నూకలు చెల్లినట్టే. మర్నాటికి అది ముక్కలు ముక్కలై బల్ల మీద పరిచి ఉండేది.

కొత్తలో స్టాఫ్‌రూములో నా కుర్చీకి గాజు కనిపిస్తే నేను అడిగాను. "ఏంది సార్ గిది? కుర్చీకి గాజు తొడిగిండ్రేంది?"

"మీ కుర్చీ కాలు ఊగుతోందండీ మొగులయ్యగారూ."

"ఊగితే మేకు కొడతరు గని గాజులు తొడుగుతరా ఎవరన్న?"

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన్ని ప్రశ్న అడగడమంటే దారిన పోయే హరిదాసుకు చిడతలు అందించడమే అని నాకు అప్పటికి తెలియదు. "చూడండీ, కణంలో ప్రోటీన్లుంటాయి గదా. పనిచేసినన్నాళ్ళు చేస్తాయి. తర్వాత కొన్ని వంకరపోతాయి, కొన్ని పాడవుతాయి, కొన్నిటికి అసలు పనే అయిపోతుంది. వాటినేం చేయాలి? కణం తొందరపడి పారేయదండీ. ఉబిక్విటిన్ అని ఒక బుల్లి ప్రోటీన్ ఉంటుంది. దాన్ని తెచ్చి గుర్తుగా తగిలిస్తుంది. ఒకటి చాలదు. దానికి ఇంకోటి, దానికి మరోటి. గొలుసులాగా నాలుగు పడ్డాయా, ఇక గోవిందా! ప్రోటియజోమ్ అని పీపాలాంటి యంత్రం ఉంటుంది. అది మూత తెరిచి లోపలికి లాక్కుంటుంది. తుంపులు తుంపులు! ఆ తుంపులు చివరికి అమైనో ఆమ్లాలై బయటపడితే వాటితో మళ్ళీ కొత్త ప్రోటీన్లు."

"మరి గాజులో?"

"గుర్తులు తెగవండోయ్. వాటిని ముందే ఊడదీసి దాచుకుంటుంది. ఇంకోదానికి తగిలించొద్దూ?" అని నా కుర్చీకి రెండో గాజు కట్టేశారు.

ఆ గాజులు కొనడానికి ఓసారి నన్ను లాడ్‌బజార్‌కి తోడు తీసుకెళ్ళారు. దుకాణం యజమాని జహంగీర్ భాయ్ లేచి నిలబడ్డాడు. "ఆయియే సాబ్. సైజ్?"

"ఏ సైజైనా ఫర్వాలేదు భాయ్."

"సైజు తెల్వకుండ గాజులెట్ల సాబ్? ఎవరికి?"

"మొన్న తీసుకెళ్ళినవి సైకిలుకి. ఇవి బీరువాకి."

జహంగీర్ భాయ్ నా చెవిలో గుసగుసలాడాడు. "సాబ్‌కు ఇంట్ల ఏమన్న ఫికర్ ఉన్నదా భాయ్?" ఉందని చెబుదామని నా నోటిదాకా వచ్చింది. అంతలో పరబ్రహ్మం గారు మూల పడి ఉన్న పాత టేబుల్ ఫ్యాన్ చూడనే చూశారు. దానికి వరసగా నాలుగు గాజులు కట్టి చంకన పెట్టుకుని బయల్దేరారు. వారం తిరిగేసరికి దాని మోటారు మీద ఒక చెక్క గోపురం నిలబెట్టి, గాజులన్నీ దానికి తొడిగి, దుకాణం ముందు మెల్లగా తిరిగేలా చేసి పెట్టారు. ఆ తిరిగే గోపురం చూడటానికి బజారంతా గుమిగూడింది. అప్పటినుంచి ఆ దుకాణానికి ఎప్పుడు వెళ్ళినా ఆయనకు మలాయి వేసిన చాయ్, నాకు మంచినీళ్ళు.

ఇక ఆయన క్లాసు. కీమా కొట్టే మిషనొకటి ఎక్కడో పాతది సంపాదించి, దాని చుట్టూ రేకు పీపా బిగించి, పైన స్ప్రింగు మూత పెట్టి ప్రోటియజోమ్ తయారుచేశారు. బ్లేడు తీసేసి దారం తెంపే కత్తెరలు అమర్చారు. పిల్లలు పూసల దండ గుచ్చి తెచ్చేవారు. దండంటే ప్రోటీన్, పూసంటే అమైనో ఆమ్లం. ఉత్త దండ వేస్తే మూత తెరుచుకునేది కాదు. నాలుగు గాజులు కట్టి వేస్తే ఆ బరువుకు మూత టక్కున తెరుచుకునేది. పిడి తిప్పితే గాజులు పక్కకి జారిపోయి, పూసలు కింద గిన్నెలో జలజలా రాలేవి. ఆ పూసలతో పిల్లలు వేరే దండ గుచ్చేవారు. పక్కగదిలో నేను వేరు, కాండం, ఆకు అని నోట్సు చెబుతుంటే ఆ జలజల నా పిల్లల తలల్ని గోడవైపు తిప్పేసేది.

సైన్సు ప్రదర్శన రోజున ఒక పెద్ద అధికారి ముఖ్య అతిథిగా వచ్చారు. పిల్లలు స్వాగతానికి గాజుపూసల దండ గుచ్చి, అందంగా ఉంటుందని దానికి నాలుగు పట్టు కుచ్చులు కట్టి ఆయన మెడలో వేశారు. పరబ్రహ్మం గారు యంత్రం గురించి వివరిస్తూ వివరిస్తూ, ఆ నాలుగు కుచ్చులు చూశారు. ఆయనకు పూనకం వచ్చినట్టయింది. "ఇదిగో, గుర్తులు పడిపోయాయి!" అంటూ అధికారి మెడలోంచి దండ లాగేసి, మూత ఎత్తి లోపల వేసి పిడి తిప్పేశారు. అధికారి నోరు తెరుచుకుని, గిన్నెలో రాలుతున్న తన సన్మానాన్ని చూస్తూ నిలబడిపోయారు.

"ఏమనుకోకండి సార్. కణానికి మొహమాటం ఉండదు," అన్నారు పరబ్రహ్మం గారు.

ఇంకెవరైనా అయితే ఆ సాయంత్రమే మెమో అందేది. ఆ అధికారి మాత్రం పగలబడి నవ్వి, తనూ ఓసారి పిడి తిప్పుతానని అడిగి మరీ తిప్పి వెళ్ళారు. నా స్టాలులో నాచుమొక్కలు పొద్దుటినుంచీ సీసాల్లో నిలబడి ఉన్నాయి. వాటివైపు ఒక్కరు చూస్తే ఒట్టు.

కాలేజీలో అంటే సరిపెట్టుకుందును. ఇంట్లో కూడా నాకు దిక్కులేకుండా పోయింది. మా అమ్మాయి ఆండాలు మా కాలేజీలోనే బీఎస్సీ. అంటే తండ్రి దగ్గరే చదువు. అన్నం ముందు కూర్చుంటే చాలు, మొదలుపెట్టేది.

"బాపూ, నీకొక ముచ్చట ఎర్కేనా? మనం తినే ప్రోటీన్ కన్న మన ఒంట్లనే విప్పి మళ్ల వాడుకునే ప్రోటీన్ మస్తు ఎక్కువంట! పరబ్రహ్మం సార్ చెప్పిండు."

"నాకు ఎర్కనే. నేను సుత చదివిన."

"నువ్వు చదివినవ్ గని చెప్పలే గద బాపూ."

మా ఆవిడ కళావతి పప్పు గరిటె పైకెత్తి పట్టుకుని ఆలోచించింది. "అయితే రేపటిసంది మీ బాపుకు పప్పు తక్కువ పెడత. ఒంట్లదే విప్పుకుంటడు." తల్లీకూతుళ్ళు ఒకటే నవ్వు.

ఒకరోజు ఆయన చాయ్‌కి మా ఇంటికి వచ్చారు. బహదూర్‌పురాలో మా ఇల్లు జూపార్కుకు దగ్గర. తెల్లారుజామున అక్కడి సింహం గర్జించాకే మా వీధిలో పాల ప్యాకెట్లు దిగుతాయి. ఆయన సింహం గురించి అడగలేదు. నేను కుండీల్లో పెంచిన క్రోటన్ల గురించీ అడగలేదు. వంటింటి గడపలో చెడిపోయి పడున్న మా మిక్సీని చూసి లేచి నిలబడ్డారు. "అర్జంటు కేసండీ!" అని నాలుగు గాజులూ ఒకేసారి కట్టి తీసుకెళ్ళిపోయారు. వారం తర్వాత తెచ్చిచ్చింది చూస్తే, కళావతి కుట్టుమిషనుకు బిగించే మోటారు. కాలు తొక్కక్కర్లేదు, బొత్తాం నొక్కితే గిర్రున తిరుగుతుంది.

కళావతి కళ్ళు చెమ్మగిల్లాయి. "గిన్నేండ్లసంది కాళ్ళు గుంజుతున్నయని మొత్తుకుంటున్న. ఒక్కనాడన్న నీకు గిట్ల తట్టిందా?" అంది నాతో.

"కుట్టకు అని చెప్పిన గద!"

"అది సుత నువ్వు కూసోనే చెప్పినవ్."

ఇక లాభం లేదని నేనూ ఒక ప్రయోగం చేశాను. ఆయన గాజులతో చెబితే నేను గింజలతో చెప్పలేనా? విత్తనాలు మొలకెత్తే పాఠానికి రాత్రంతా శనగలు నానబోసి, గుడ్డలో మూటగట్టి, తెల్లగా ముక్కులొచ్చాక పెద్ద పళ్ళెంలో పోసి క్లాసుకు పట్టుకెళ్ళాను. పిల్లలు మొదటిసారి నా బల్ల దగ్గరికి ఎగబడ్డారు. నా గుండె పొంగిపోయింది. బోర్డు మీద మొలక బొమ్మ గీసి, రంగులు వేసి, పేర్లు రాసి, ఇటు తిరిగేసరికి పళ్ళెం ఖాళీ. ఒకమ్మాయి నిమ్మచెక్క దాచుకుంటోంది. వెనక బెంచీలోంచి గొంతు వినిపించింది. "సార్, ఉప్పు జర తక్కువైంది."

రెండువేల నాలుగు అక్టోబరులో ఈ పుండు మీద కారం పడింది. కణాలు ప్రోటీన్లకు గుర్తులు తగిలించి విప్పుకునే ఈ సంగతి కనిపెట్టినవాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్కడో ఎవరికో వచ్చింది. మా కాలేజీలో మాత్రం పరబ్రహ్మం గారికే వచ్చినట్టయింది. ఆయన పొద్దున్నే జిలేబీ బుట్ట పట్టుకుని వచ్చారు. "చూశారా మొగులయ్యగారూ! కట్టేవాళ్ళకి ఎవరైనా ఇస్తారండీ బహుమతి. విప్పడానికి ఇచ్చారు, విప్పడానికి!" పిల్లలు ఆయన్ని చుట్టుముట్టి చప్పట్లు. ప్రిన్సిపాల్ నాగమణమ్మ గారు చెయ్యి కలిపి మరీ అభినందించారు. అటెండరు వెస్లీ అయితే ఏకంగా పూలదండ తెచ్చాడు. నేనూ జిలేబీ తీసుకున్నాను. తియ్యగా ఉందని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

ఆ డిసెంబరులో నాగమణమ్మ గారు నన్ను గదికి పిలిచారు. నీళ్ళు నమలకుండా చెప్పేశారు. "మొగులయ్యగారూ, కంప్యూటర్లు వస్తున్నాయి. వాటికి పెద్ద గది కావాలి. బోటనీ లాబే పెద్దది."

"మరి నా లాబ్ మేడమ్?"

"వేరే గది ఉంటే మీరే చూపించండి, తాళం ఇప్పుడే ఇచ్చేస్తాను. ఇంకో మాట. జనవరిలో తనిఖీ కమిటీ వస్తోంది. లాబ్ సరిగ్గా లేని కోర్సులు ఎత్తేస్తారట."

బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. లాబ్ లేకుంటే కోర్సు లేదు. కోర్సు లేకుంటే నేను లేను. బోటనీ వాళ్ళకు ఖాళీ ఉన్న చోటు కాగజ్‌నగర్ అవతలేనని అప్పటికే విన్నాను. ఆండాలు చదువు ఇక్కడ, కళావతి కుట్టుపని ఇక్కడ, నేనక్కడ హోటలు సాంబారు తింటూ గోడలు చూస్తూ కూర్చోవాలి. పైగా నా లాబ్ సంగతి నాకు తెలియనిదా? బల్లలకు చెదలు, మైక్రోస్కోపుల అద్దాలకు బూజు. గది పోకపోయినా ఏ కమిటీ అయినా చూడగానే పెదవి విరుస్తుంది. ఉన్నదల్లా ఒక్క బీరువా. నేనూ, నాకంటే ముందు పనిచేసినవాళ్ళూ అనంతగిరి దాకా తిరిగి ఏరి, ఆరబెట్టి, కాగితాలకు అంటించిన మొక్కలు అందులో ఉన్నాయి.

మర్నాడు ఆ బీరువా పిడికి ఎర్ర గాజు వేలాడుతోంది.

కాలేజీ పాత సామాను పనికిరాదని తేల్చే కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? పరబ్రహ్మం గారే. గాజు పీకి పారేశాను. మూడోనాటికి రెండున్నాయి. బల్లలకు కూడా ఉన్నాయి. తిన్నగా ఆయన దగ్గరికే వెళ్ళాను.

"ఏంది సార్ గిది? నా బీరువకు గాజులు తొడుగుతున్నరు, పెండ్లి చేస్తున్నరా?"

"రెండే గదండీ పడ్డాయి."

"నేను తీసేసిన!"

"తీసేయొచ్చండీ. కణంలోనూ గుర్తులు తీసేసే ఎంజైములుంటాయి. కొన్ని తగిలిస్తుంటాయి, కొన్ని తీసేస్తుంటాయి. ఎవరు గట్టివాళ్ళయితే వాళ్ళ మాట చెల్లుతుంది."

నా ఒళ్ళు మండిపోయింది. "ఊకె నా సామాన్లకేనా? మీ లాబ్‌ల ఒక్కదానికన్న కట్టిండ్రా?"

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కిటికీలోంచి బయటికి చూశారు. తప్పుచేసినవాడి చూపు అదేనని నేను రూఢి చేసుకున్నాను. పిల్లలు ఆయనకే, చాయ్ ఆయనకే, చప్పట్లు ఆయనకే. మిగిలిన ఆ నాలుగు చెక్కలు కూడా ఆయనకే కావాల్సి వచ్చాయి! ఆ రోజే స్టాఫ్‌రూములో నా కుర్చీ ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుకున్నాను. మాటలు బంద్.

ఇంట్లో చెబితే సానుభూతి దొరుకుతుందనుకున్నాను. ఆండాలు కంచంలోకి చూస్తూ, "సార్ గట్ల చేయడు బాపూ," అంది.

"గాజులు నా కండ్లతోని చూసిన!"

"గాజులు చూసినవ్. ఇంకేం చూసినవ్?"

"ఏంది, కన్నతండ్రి కన్న ఆయన ఎక్కువయిండా నీకు?" అని కంచం ముందు నుంచి లేచిపోయాను. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? కాసేపటికి ఆకలేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. కళావతి ఈసారి నిజంగానే పప్పు తక్కువ వడ్డించింది.

నేను తీస్తూనే ఉన్నాను, ఆయన కడుతూనే ఉన్నారు. జనవరి వచ్చింది. తనిఖీకి ముందు శనివారం సాయంత్రం తాళం వేసి వస్తుంటే బీరువాకు మూడు గాజులున్నాయి. విసుగొచ్చి వదిలేశాను. ఆదివారం ఆండాలు స్పెషల్ క్లాసని పొద్దున్నే వెళ్ళి, దీపాలు పెట్టే వేళకు దుమ్ముకొట్టుకుని వచ్చింది. ఏం క్లాసమ్మా అంటే లాబ్ క్లాసు అంది. జంతుశాస్త్రమే అయ్యుంటుందని ఆ వివరం నేను అడగదల్చుకోలేదు.

సోమవారం తనిఖీ. నా పెళ్ళినాటి కోటు వేసుకుని వెళ్ళి లాబ్ తలుపు తోశాను.

గది ఖాళీ. బల్లల్లేవు, మైక్రోస్కోపుల్లేవు, బీరువా లేదు. నేల శుభ్రంగా కడిగి ఉంది.

"వెస్లీ!" అని అరిచాను. "నా లాబ్ ఏది?"

"నాకేం ఎర్క లేదు సార్," అన్నాడు వెస్లీ. ఎర్క లేనివాడు అంత వెడల్పుగా నవ్వడు. వాడి గల్లా పట్టుకుందామనుకునేలోపు వరండాలో బూట్ల చప్పుడైంది. తనిఖీవాళ్ళు, వాళ్ళ ముందు నాగమణమ్మ గారు.

"ఇది కొత్త కంప్యూటర్ గది," అని ఆవిడ ఆ ఖాళీ గది చూపించారు. వచ్చినవాళ్ళలో పెద్దాయన తల ఊపి అడిగారు. "సరే. మరి బోటనీ లాబ్ ఎక్కడ?"

ఆవిడ నావైపు చూశారు. నేను గోడవైపు చూశాను. కాగజ్‌నగర్ రైలు కూత నా చెవుల్లో వినిపించింది.

"ఇటు రండి సార్, ఇటు," అన్న గొంతు వెనకనుంచి వచ్చింది. పరబ్రహ్మం గారు. అందర్నీ తన జంతుశాస్త్రం లాబ్ వైపు తోలుకుపోయారు. నేను ఈడ్చుకుంటూ వెనకాల నడిచాను.

ఆ గది మధ్యలో నిలువునా చెక్క గోడొకటి లేచింది. ఇటు సగం జంతుశాస్త్రం, అటు సగం బోటనీ. అటువైపు అడుగుపెట్టి నేను నోరు తెరిచాను. చెదలు తిన్న నా బల్లల్లో గట్టిగా ఉన్న కాళ్ళు తీసి, వాటి మీద తన బల్లల నల్లరాతి పలకలు పరిచారు. నా బూజు మైక్రోస్కోపులూ తన పాతవీ కలిపి విప్పి, మంచి అద్దాలు ఏరి, కళ్ళు మిరుమిట్లు గొలిపేలా కొన్నిటిని నిలబెట్టారు. ఆయన ప్రాణంలా చూసుకునే సీతాకోకచిలుకల సొరుగుల్లో ఇప్పుడు నా అనంతగిరి మొక్కలున్నాయి, ఒక్క ఆకు రాలకుండా. ఆ చెక్క గోడ ఆయన మ్యూజియం బీరువాల వీపులే. సీతాకోకచిలుకలు ఏమయ్యాయని చూస్తే, పిల్లలు వాటిని అట్టలకు గుచ్చి ఆయనవైపు గోడంతా వేలాడదీశారు. ఆయనకు బల్ల కూడా మిగల్లేదు. ఒక ముక్కాలిపీట, దాని మీద ఆయన గుడ్డసంచి.

తనిఖీ పెద్దాయన అటూ ఇటూ చూశారు. "బోటనీ బాగుంది. కానీ మీ జువాలజీ ఇంత ఇరుకైపోయిందేమిటండీ?"

"మా జంతువులు సర్దుకుంటాయి సార్," అన్నారు పరబ్రహ్మం గారు. "మొక్కలకే చోటు చూపించాలి. అవి లేచి పక్కకు జరగలేవు కదా."

పెద్దాయన నవ్వారు. "ఎవరిదండీ ఈ ఆలోచన?"

"మొగులయ్యగారిది సార్. ఆయన చెప్పారు, మేం విప్పాం."

పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. నాగమణమ్మ గారు చప్పట్లు కొట్టారు. వెనకాల నిలబడ్డ పిల్లల్లో ఆండాలు కూడా కొట్టింది, అందరికంటే గట్టిగా. ఆదివారమంతా ఆ మొక్కల కాగితాలు ఒక్కొక్కటే చేతుల మీద మోసింది ఎవరో నాకు అప్పుడు తెలిసింది. నా జీవితంలో నాకు పడిన మొదటి చప్పట్లు అవి. అవి కూడా ఆయనవే!

వాళ్ళు వెళ్ళాక ఆయన్ని పట్టుకున్నాను. "ముందుగాల నాకెందుకు చెప్పలే సార్?"

"ముందే బయటపడితే మేడమ్ ఆ సగం గది కూడా దేనికో ఒకదానికి రాసేసేవారండీ. మీ ముఖంలో ఏదీ దాగదు. పైగా నా లాబ్ విప్పుతానంటే మీరు ఒప్పుకునేవారా? అడ్డం పడిపోయేవారు."

ఆయన లాబ్ విప్పుతానంటే నేను ఎగిరి గంతేసి పలుగు అందించేవాణ్ణి. ఆ సంగతి ఆయనకు తోచనే లేదు. నా గురించి నాకంటే మంచిగా అనుకునే పని కూడా ఆయనే చేసేస్తే ఇక నాకేం మిగిలింది?

"ఆకలేసినప్పుడు కణం తన సొంత సామానే విప్పుకుంటుందండీ," అన్నారు ఆయన ముక్కాలిపీట మీద కూర్చుంటూ. "తనది కొంత పోతుంది. ముఖ్యమైంది నిలబడుతుంది."

"నేను గంత ముఖ్యమా సార్?"

"మీరు కాదండీ, బోటనీ."

కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, నావైపు చూడకుండానే అన్నారు. "అయినా మీరు కాగజ్‌నగర్ వెళ్ళిపోతే స్టాఫ్‌రూములో నన్ను చూసి ఏడ్చేవాళ్ళెవరండీ? అలవాటైపోయింది. ఎవరూ ఏడవకపోతే నాకు పాఠం చెప్పబుద్ధి కాదు."

తెలుసన్నమాట! ఇన్నేళ్ళూ తెలుసు! నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది, మళ్ళీ నవ్వొచ్చింది.

ఆ వారం నుంచే కొత్త లాబులో క్లాసులు మొదలయ్యాయి. గోడకు ఇటు నేను, అటు ఆయన. మధ్యన ఉన్నది చెక్కే కాబట్టి అటు గుసగుస కూడా ఇటు వినిపిస్తుంది. నేను ఆకు అడ్డకోత గురించి చెబుతున్నాను. అటువైపు ఆయన ఏదో మొదలుపెట్టారు. పిల్లలు గొల్లున నవ్వారు. నా పిల్లల తలలు గోడవైపు తిరిగాయి. కిచకిచలు మొదలయ్యాయి.

నేను సుద్దముక్క బల్ల మీద పెట్టాను. "లొల్లి బంద్ చేయుండ్రి," అన్నాను మెల్లగా. "ఏం చెప్తుండో విననియ్యుండ్రి."

కిచకిచలు ఆగాయి. అటువైపు కూడా ఒక్క క్షణం మాట ఆగింది. తర్వాత చెక్క మీద టకటకమని వేలితో కొట్టిన చప్పుడు.

"మొగులయ్యగారూ, వినబడుతోందా? కొంచెం గట్టిగా చెప్పమంటారా?"

"గట్టిగనే చెప్పుండ్రి సార్," అన్నాను కుర్చీ గోడకు దగ్గరగా లాక్కుంటూ. "మా పిల్లలకు ఇనొస్తలేదంట."